పనిలేని పెద్దమనిషి

"కదలకు తాతా, కదలకు! నీకు పుణ్యముంటది!"

శ్రీపతి ఈ మాట పైకి అనలేదు. లోపల్లోపలే మొక్కుకున్నాడు.

పైకి అంటే బొమ్మ చెడుతుంది. ఎవరిని గీస్తున్నామో వాళ్ళతో మాట్లాడకూడదు. మాట్లాడామా, ఆ మనిషి వెంటనే జుట్టు సవరించుకుని పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకులా బిగుసుకుపోతాడు. వాళ్ళ శుక్రవారం బొమ్మల గుంపులో ఇది మొదటి నియమం.

శ్రీపతిది జగిత్యాల. కువైట్‌లో, అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్. వారమంతా వైర్లు, శుక్రవారం మాత్రం పెన్సిలు. బస్టాపులో, బజారులో, మంగలి షాపులో, మనుషులు ఎక్కడుంటే అక్కడే కూర్చుని గీయాలి. గీశాక కింద ఒక్క ముక్కలో వాళ్ళ కథ రాయాలి.

ఈరోజు మామూలు శుక్రవారం కాదు. సాయంత్రం సాల్మియాలో గుంపు వాళ్ళ ప్రదర్శన. శ్రీపతి బొమ్మ ఇంతవరకు ఒక్కసారీ గోడ ఎక్కలేదు. పోయినసారి, గుంపును నడిపే వెంకటేశ్వరి మేడం మొహం మీదే అనేసింది.

"ముక్కు ఉంది, మూతి ఉంది, మనిషేడీ శ్రీపతీ?"

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే పొద్దున్నే అర్దియాలో ఉండే తన ఊరివాడు జలంధర్‌కు ఫోన్ చేశాడు.

"మంచి జాగ చెప్పరా. మనుషులు మస్తుగుండాలె."

"మా దిక్కు ఇరానీ రొట్టెల పొయ్యి కాడికి పో. శుక్రారం జాతరే."

"నువ్వు గూడ రారాదు?"

"నాకు ఎయిర్‌పోర్టుల పనుందిర. పొద్దుగూకినంక సీదా సాల్మియాకొస్త."

జాతర నిజమే. కానీ వేడి రొట్టె చేతిలో పడగానే ఎవరి దారి వాళ్ళది! మొదటాయన ముక్కు దాకా వచ్చి మాయమయ్యాడు. రెండో ఆయనది టోపీ ఒక్కటే మిగిలింది.

అప్పుడు కనబడ్డాడు ఈ ముసలాయన. వరసలో, కిటికీకి దగ్గరగా. భుజాన ఖాళీ గుడ్డసంచి, నెరిసిన మీసం, సగం మొహం మీద పొయ్యి వెలుగు. అబ్బ, ఏం మొహం!

ఏ బెంగాలీవాడో అనుకున్నాడు శ్రీపతి. పెన్సిలు ఉరికింది.

ఇంతలో ముసలాయన వంతు రానే వచ్చింది. అయిపోయింది, ఈ బొమ్మా మీసం దగ్గరే ఆగింది!

ముసలాయన తల తిప్పాడు. శ్రీపతిని చూశాడు. ఒళ్ళో అట్టనూ, దాని మీద కాగితాన్నీ చూశాడు.

మళ్ళీ కిటికీ వైపు తిరిగి, వెనకవాడిని నువ్వు పొమ్మని చేత్తో సైగ చేశాడు. వాడి వెనకవాడినీ పొమ్మన్నాడు.

"యల్లా బాబా, యల్లా!" కదలమని వెనక నుంచి అరుపులు.

ముసలాయన అందరినీ ముందుకు పంపుతూనే ఉన్నాడు. తను మాత్రం ఉన్నచోటే, ఉన్న తీరునే నిలబడ్డాడు.

శ్రీపతి ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. ఈరోజు పొద్దున లేచి ఎవరి మొహం చూశాడో గానీ, నక్కతోక తొక్కాడు! కువైట్‌లో ఇంత తీరిక ఉన్న మనిషి దొరకడమా!

చెప్పుల పట్టీ కూడా కాగితం మీదికి దిగింది. అప్పుడే రొట్టెల కిటికీ మూసేశారు. నమాజు వేళ.

ముసలాయన ఖాళీ సంచి మడుచుకుంటూ దగ్గరకు వచ్చాడు. ఏదీ, చూడనీ అన్నట్టు చెయ్యి చాపాడు.

అవతల సాల్మియా బస్సు వచ్చేస్తోంది. అది పోతే బొమ్మ వేళకు అందదు.

"బుక్రా బాబా, బుక్రా!" రేపు చూపిస్తానని కేకేసి శ్రీపతి బస్సెక్కేశాడు.

"బుక్రా..." ముసలాయన నవ్వాడు.

బస్సులోనే బొమ్మ కింద కథ రాశాడు: 'పనిలేని పెద్దమనిషి.' రాసి, తనే నవ్వుకున్నాడు.

బొమ్మ గోడ ఎక్కింది! అదీ నట్టనడి గోడకు!

"ఇదిగో, ఇప్పుడు దొరికాడయ్యా మనిషి!" అంది వెంకటేశ్వరి మేడం.

జనం మూగారు. చూస్తున్నారు, కింద రాత చదివి నవ్వుతున్నారు, సెల్‌ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. శ్రీపతికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

అప్పుడొచ్చాడు జలంధర్. బొమ్మ చూసి ఆగిపోయాడు.

"అరె! మా రూమోడు హన్మాండ్లు కాక గదర!"

"ఏంది, మనోడా?"

"మన కోరుట్ల దిక్కాయనే. ఆయన్నే ఎయిర్‌పోర్టుల దించొస్తున్న. ఖలాస్, ఇగ రాడు."

శ్రీపతి నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

"తొవ్వ పొడుగూత గిదే ముచ్చట. 'ఎవలో పిలగాడు నా బొమ్మ గీస్తుండె, సగంల కదిలితె ఖరాబైతదని నిలవడ్డ' అన్నడు. నువ్వేనార అది?"

"మరి రొట్టె? కాక రొట్టె తీస్కోలేదు గదరా!"

"గదే బాధ. కాక ఇంటామె మైసవ్వ చిన్నమ్మ ఎన్నేండ్ల సందో అడుగుతుంది, నువ్వు తినే పొయ్యి రొట్టె నాకొక్కటి తెమ్మని. పోయిన ప్రతిసారి మర్చిపోవుడే. ఈసారి తప్పక తెస్తనని ఫోన్ల చెప్పిండు. పొయ్యి మల్ల తెరిసేసరికే మేం ఎల్లిపోయినం."

వెనక ఎవరో బొమ్మ కింది రాతను పైకి చదివి, పకపకా నవ్వారు.

శ్రీపతి గబుక్కున ఆ అక్షరాల మీద అరచెయ్యి పెట్టేశాడు.

ఆ పనిలేని పెద్దమనిషి కువైట్‌లో చేసిన ఆఖరి పని, భార్యకని వచ్చిన రొట్టె వదులుకుని, ముక్కూమొహం తెలియని ఒక కుర్రాడి బొమ్మ కోసం కదలకుండా నిలబడటం.