కదలని మనసు

పాపకి ఏడో నెల వచ్చినా ఇంకా పేరు లేదు.

తమ దేవుడి పేరే పెట్టాలని అత్తగారి పట్టు. కాదు, తమ దేవుడిదేనని వియ్యపురాలి పట్టు. ఇద్దరి దేవుళ్ళూ వేరు, కొలిచే తీరూ వేరు. అత్తగారు గొంతెత్తి పాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. వియ్యపురాలు కళ్ళు మూసుకుంటే పెదవి కూడా కదలదు. కొడుకు ఎవరివైపు మాట్లాడినా రెండోవారు ఆ పూట అన్నం మానేస్తారు. అందుకని నోరు కుట్టేసుకున్నాడు.

కోడలిది ఆసుపత్రిలో స్కానింగ్ తీసే ఉద్యోగం. ఆదివారం మెషిన్ ఖాళీయే, ఇద్దరూ రండి అంది. లోపల పడుకుని మనసులో ప్రార్థించుకుంటే ఎవరి మనసు నిలుస్తుందో బొమ్మలో తెలిసిపోతుందట. ఎవరిది నిలిస్తే పాప పేరు వాళ్ళ ఇష్టం. సైన్సుకి పక్షపాతం ఉండదు గదా అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ముందు వియ్యపురాలు వెళ్ళింది. పావుగంటకి తేటగా నవ్వుతూ బయటికొచ్చింది. ఆ తేటదనం చూసి అత్తగారికి ఒళ్ళు మండింది.

ఇక తన వంతు. ఇరుకు సొరంగం. చెవుల్లో దడదడ చప్పుడు. మొదటి చరణం వచ్చింది. రెండోది రాలేదు. దాని బదులు వియ్యపురాలి నవ్వు వచ్చింది. స్నానం పోస్తూ తను రోజూ దొంగచాటుగా పాప చెవిలో ఊదుతున్న పేరు గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు పాడింది దేవుడు వినాలనా, పక్కింటివాళ్ళు వినాలనా? కదలొద్దన్నారు కాబట్టి ఆ ప్రశ్న నుంచి పక్కకి ఒత్తిగిలే వీలు కూడా లేదు. చివరికి, నావల్ల కాదు, నువ్వే చూసుకో అని వదిలేసింది.

పరువు పోయిందనుకుంటూనే బయటికొచ్చింది.

కోడలు రెండు బొమ్మలు ముందు పెట్టింది. గుండ్రంగా, బూడిదరంగులో, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక్క మరక లేదు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే.

"ఇందులో నాదేదే?" అంది వియ్యపురాలు.

"మనసు ఇంతగా నిలిచిపోతే మెషిన్ మాత్రం ఏం తేడా చూపిస్తుందమ్మా?" అంది కోడలు.

అత్తగారు చాలాసేపు ఆ బొమ్మ వంక చూసింది. తన లోపలి రొద తనకి తెలుసు. ఆ రొద అడుగున ఈ నిశ్శబ్దం ఎన్నాళ్ళుగా ఉంది? తను పిలవనినాడు కూడా ఉందన్నమాట.

"వదినగారూ, నేనొక్క ముక్క ప్రార్థించలేదు. మీమీద ఏడుస్తూ పడుకున్నాను" అంది, కళ్ళు తుడుచుకుని.

వియ్యపురాలు కాసేపు చీరకొంగు సర్దుకుంది.

"నేను నిద్రపోయాను వదినగారూ."

పేరు కోడలికే వదిలేశారు. వారం తిరక్కుండా బొమ్మలకి ఫ్రేములు కట్టించి ఎవరి గదిలో వాళ్ళు తగిలించుకున్నారు. అత్తగారు ఇప్పుడు గొంతెత్తదు. దానిముందు ఊరికే కూర్చుంటుంది. మొహంలో ఏదో వెలుగు వచ్చిందని వీధంతా అంటోంది.

ఆ పై సోమవారం పొద్దున కోడలు, మొదటి పేషెంటు రాకముందు మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి రోజూ లోపల పెట్టే ప్లాస్టిక్ నీళ్ళ బంతిని తుడిచి, ఆ రెండు ఫ్రేముల్లోనూ ఉన్నది దాని బొమ్మే కాబట్టి, ఈసారి కాస్త భక్తిగానే లోపల పెట్టింది.