మార్కు వచ్చింది

సువార్తమ్మ కూతురు కృపారాణి మార్కు అనే ఒకణ్ణి కంప్యూటర్లో పెట్టుకుని, తలుపేసుకుని కబుర్లాడుతోందంట. గోడవతల నాగరత్నమ్మ చెవులారా విన్నదంట. 'బెంచి మార్కు' అని కూడా పిలిచిందంట, కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచీ కాబోలునంట.

పెద్దారవీడు నీళ్ల ప్లాంటు కాడ ఈ మాట చెవిన పడేసరికి సువార్తమ్మ నిండిన క్యాను అక్కడే వదిలేసి, చెంగు దోపుకుని ఇంటికొచ్చి పడింది.

"ఎవడే ఆ మార్కు?"

కంప్యూటరు ముందు కూర్చున్న కృపారాణి తిరిగి చూసింది. "ఏ మార్కమ్మా?"

"ఏ మార్కా? ఎంతమంది ఉన్నారే నీకు మార్కులు! ఆ కంప్యూటర్లో ఉండేవాడు. 'మార్కు వచ్చినాడు, మార్కు రాలేదు' అని పొద్దస్తమానం ఎవురికో ఫోన్లో చెప్తున్నావంట గదా. ఊరంతా విన్నది, నేనొక్కదాన్నే చెవిటిదాన్నయినా."

వరండాలో బండి తుడుచుకుంటున్న కొడుకు వినయ్ కుమార్ చేతిలో గుడ్డ విసిరికొట్టి లేచినాడు.

"ఊళ్ళో మార్కు అనేవాడు ఒక్కడే. చర్చిలో కీబోర్డు వాయిస్తాడే, వాడు. వాడి వేళ్ళు విరగ్గొట్టకపోతే చూడండి."

"అన్నా, ఆగు!" కృపారాణి ముఖం పాలిపోయింది. "అమ్మా, అన్నను ఆపమ్మా! తప్పు లేని మనిషిని కొట్టి వస్తాడు."

బండి అప్పటికే సందు మలుపు తిరిగింది.

"పోనీ. నాలుగు తగిలితే వాడికీ బుద్ధొస్తుంది. సోమవారం నుంచి నీకు మార్కాపురం లేదు, కాలేజీ లేదు. ఇంట్లో పడుండు." సువార్తమ్మ కంప్యూటరు వైరు పట్టుకుంది. "ముందు దీన్ని పీకి పారేస్తా."

"పీకు. చూసి పీకు." కృపారాణి కళ్ళు తుడుచుకుని పక్కకు కుర్చీ లాగింది. "చూడకుండా చదువు మాన్పించేదానికి నాగరత్నమ్మత్త ఏమన్నా జడ్జీనా? ఇట్ల కూర్చో."

తెర మీద ఒక ఫోను నిటారుగా నిలబడి ఉంది. గంట గుర్తు, బ్యాటరీ గుర్తు, అన్నీ ఉన్నాయి.

"ఇదేందే, కంప్యూటర్లో ఫోను?"

"ఉత్తుత్తి ఫోను. కాలేజీ కోసం నేనొక ఆట తయారు చేస్తున్నా గదా, నా పాత ఫోన్లో అది కదలడం లేదు. అందుకని కంప్యూటర్లోనే ఒక ఫోను పెట్టినా. బొమ్మలు ఎంత బాగా ఆడిస్తాయో చూసేదానికి ఫోన్లకు ఒక పరీక్ష ఉంటుంది. అదే దీనికీ పెడతా, చూడు."

నొక్కింది. అడవి వచ్చింది, వాగు వచ్చింది, తెల్ల గుర్రం వచ్చింది. కంప్యూటరు మిక్సీ మాదిరి రొద పెట్టింది. గుర్రం నాలుగడుగులు ఉరికి, కాళ్ళు గాల్లో పెట్టుకుని ఆగి, మళ్ళీ ఉరికింది.

"దీనికి కాళ్ళు పట్టేసినాయా ఏంది?" అంది సువార్తమ్మ, కోపంలోనే.

గుర్రం మాయమై పెద్ద పెద్ద అంకెలు పడినాయి.

"ఇదీ మార్కు! పరీక్ష రాస్తే మార్కులు రావా? అట్లాంటిదే. బెంచ్‌మార్క్ అంటారు. నాతో చదివే పిల్ల సుమయ్యతో ఫోన్లో నేను చెప్పింది దీని గురించే. 'మార్కు వచ్చింది' అన్నా. 'వచ్చినాడు' అన్లేదు. మీ నాగరత్నమ్మత్త దానికి మీసాలు పెట్టి మగోణ్ణి చేసింది."

సువార్తమ్మ అంకెల వంక అనుమానంగా చూసి, లోపలికి పోయి బైబిలు తెచ్చింది.

"దీని మీద చెయ్యేసి చెప్పు. ఈ కంప్యూటర్లో మార్కు అనేవాడు లేడని."

కృపారాణి చెయ్యేసింది. "ఈ కంప్యూటర్లో మార్కు అనేవాడు లేడు. ఎప్పుడూ లేడు. నీ చేతిలో పుస్తకంలో ఉన్నాడు, మత్తయి సువార్త తర్వాత. ఆయన్నీ పీకి పారేస్తావా?"

అంతే. సువార్తమ్మ కోపం గిరుక్కున తిరిగి గోడ మీదికి పోయింది. బైబిలు చంకలో పెట్టుకునే కేకేసింది.

"వదినా! నీ చెవులు ఈ గోడకు మేకులేసి తగిలించినావా? ఆడపిల్ల చదువు సంగతి మాట్లాడుకుంటే దానికి మగోణ్ణి అంటగడతావా?"

"విన్నదే చెప్పినా వదినా." గోడ మీద నాగరత్నమ్మ తలకాయ లేచింది. "కంప్యూటర్లకు మార్కులు కాస్తాయని నాకేం తెలుసు?"

"తెలియనప్పుడు నోరు మూసుకోవాల! సోమవారం నా బిడ్డ కాలేజీకి పోతుంది. పొద్దున్నే లేచి కళ్ళారా చూసుకో."

"అమ్మా, అది తర్వాత. అన్నకు ఫోన్ చెయ్," అంది కృపారాణి.

చేస్తే, వినయ్ ఫోను వరండాలోనే మోగింది.

"అయ్యో ప్రభువా! ఏ పాపం ఎరగని పిల్లోడు. వాడి వేళ్ళు విరిగితే ఆదివారం పాటలకు ఎవురు వాయిస్తారు?"

అంతలో బండి చప్పుడు. కృపారాణి గేటు కాడికి ఉరికింది.

"కొట్టినావా అన్నా?"

"కొట్టనిస్తే గదా!" వినయ్ కుమార్ బండి దిగకుండానే చెప్పినాడు. "'మా చెల్లెలి సంగతేందిరా' అని ఒక్క మాట అడిగినా. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'పెళ్ళంటూ చేసుకుంటే కృపారాణినే, ఆమె కూడా సరే అన్నది బావా' అన్నాడు. వాళ్ళమ్మ నాకు టీ కూడా పోసింది."

గోడ మీద తలకాయ ఇంకాస్త పైకి లేచింది. సువార్తమ్మ చంకలో బైబిలు చేతిలోకి తీసుకుని కూతురి వైపు తిరిగింది.

"ఇందాక దీని మీద చెయ్యేసి ఏం చెప్పినావే?"

"కంప్యూటర్లో లేడని చెప్పినా. బయట ఉన్నాడా అని నువ్వు అడగలేదు."