హారిక అడిగిన సైకిలు

"మూడేండ్ల కిందటి మోడల్ సార్, అందుకే సగం ధరకిస్తున్న," అన్నాడు హనుమకొండ చౌరస్తాలో సైకిళ్ల దుకాణం నడిపే విఠల్. "ముందు, వెనక రెండుదిక్కుల షాకబ్జర్లు. గుట్టలెక్కినా నడుము పట్టది. గని ఎవలికి? ఈ వయసుల నువ్వైతే తొక్కవు గద!"

"మా హారికకు."

"అట్ల చెప్పు! ఇది కొత్తగ వచ్చినప్పుడు నీ బిడ్డ ఇదే కావాలని ఇక్కడ్నే లొల్లి పెట్టె. ములుగు అడవిల ఆడపిల్ల సైకిల్ తొక్కుడేందని నువ్వు గుంజుకపోతివి. యాదికున్నదా?"

ఉంది. అంత చదువూ చదివి ఆ రోజు నేనన్న మాట అదే.

"జర బిడ్డను తోల్కొస్తె సీటు సరిగ పెట్టేటోన్ని."

"పైకి జరుపు. నాకంటే పొడుగు."

అతను జరిపి, సైకిలును ఆటోలో పెట్టించాడు. "ఇగ బిడ్డ ఖుష్!" అన్నాడు.

నిన్న హారిక పోయిన మూడో రోజు. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టారు. కాకి ముట్టలేదు. తీరని కోరికేదో ఉందని, తీరుస్తామని మాటిస్తే ముడుతుందని, చుట్టాలంతా తలా ఒక మాట ఇచ్చారు. అయినా కాకి చెట్టు దిగి రాలేదు.

ఇదంతా మూఢనమ్మకమని నలభై ఏళ్లు వీళ్లందరితో వాదించినవాణ్ణి. ఆ కోరికేమిటో అక్కడ నాకొక్కడికే తెలుసు. తెలిసీ, వాళ్ల ముందు ఓడిపోలేక మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు.

చివరికి కాకికి చేతులు జోడించాను.

"బిడ్డా, ఆ సైకిలు కొంటా."

వెంటనే వాలి ముద్ద ముట్టింది.