అట్ట మీది నాన్న

“సూర్యాస్తమయం వద్దు సార్,” అంది కవయిత్రి.

ప్రచురణకర్త కంప్యూటరు తెర వైపు మరోసారి చూశాడు. నారింజ రంగు ఆకాశం. దాని ముందు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్న తండ్రి, చిన్నపిల్ల. ఇద్దరూ నీడలే, ముఖాలు లేవు.

“ఎందుకమ్మా? చూడగానే మనసు కరిగిపోతోంటే!”

“ఈయన మా నాన్న కాదు సార్. మా నాన్న బస్సు డ్రైవరు. అంత తీరుబడిగా ఎప్పుడూ నడవలేదు. ఇంట్లో నడిచినా బస్సు వెళ్ళిపోతున్నట్టే నడిచేవాడు.”

ముఖచిత్రం వేసే అమ్మాయి కిసుక్కున నవ్వింది. ప్రచురణకర్త నవ్వలేదు. పుస్తకం ఎల్లుండి అచ్చుకు వెళ్ళాలి.

“కవితల్లో ఒక్క అబద్ధం కూడా లేకుండా చూసుకున్నాను. అట్ట మీద మాత్రం ఎందుకు?” అంది ఆమె.

ఆ మాట నిజమే. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం ఆమెది. మనిషి మనిషికీ అద్దాలు మార్చి చూసి, “ఇది స్పష్టంగా ఉందా, ఇదా?” అని అడిగే ఓపిక కవితల్లోనూ ఉంది. బస్సు ఇంజను పక్కన పాత దుప్పటి పరిచి కూతుర్ని కూర్చోబెట్టుకున్న తండ్రి. స్టీరింగు పట్టి కాయలు కాసిన చేతులతో వంకరటింకరగా జడ అల్లిన తండ్రి. మోకాలు చెక్కుకుపోతే ఊది, తానే ముందు “అబ్బా” అన్న తండ్రి. ముప్పై ఒక్క కవితలు. చదివిన వాళ్ళందరూ ఒకటే మాట, పెట్టి పుట్టింది ఈ కూతురు అని.

ప్రచురణకర్తకు ఒక్కటే లోటు తోచింది. “అన్నిచోట్లా ‘ఆ పిల్ల’, ‘ఆ పిల్ల’ అని రాశారు. ‘నేను’ అంటే ఇంకా సూటిగా తగులుతుంది కదమ్మా?”

“అలా రాయలేను సార్.”

“సొంత నాన్న గురించి చెప్పుకోవడానికి సిగ్గెందుకమ్మా!”

“రేపు ఫొటో తెస్తాను,” అని ఆమె లేచింది.

పాత ఫొటోలన్నీ అక్క దగ్గరున్నాయి. అక్క బట్టలు మడతపెడుతూనే కవితల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చదివింది. జడ కవిత దగ్గర నవ్వింది. మోకాలి కవిత దగ్గర చేతిలోని చొక్కా అలాగే ఉండిపోయింది.

“ఎంత గుర్తుందే నీకు! నేనే చాలా మర్చిపోయాను.”

“చూసినవి ఎక్కడికి పోతాయక్కా?”

“ఒక్కదాంట్లోనూ నాన్న మీద కోపం లేదు.”

“రాద్దామనే కూర్చున్నాను. రాలేదు.”

అక్క బీరువా తెరిచి ఫొటోల కవరు తెచ్చింది. చెల్లెలు వెతికి ఒకటి తీసింది. బస్సు ముందు నాన్న, ఖాకీ చొక్కాలో, నోరారా నవ్వుతున్నాడు. భుజాల మీద ఒక పిల్ల ఆయన జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకుని కూర్చుంది. కుడివైపు అంచున ఇంకో పిల్ల. ఫొటో తీసినవాడు చూసుకోలేదేమో, సగమే పడింది. ఒక కన్ను, ఒక చెయ్యి.

“ఇది వద్దే. నాన్న ఒక్కడే ఉన్నవి బోలెడున్నాయి,” అంది అక్క.

“ఇదే కావాలి.”

“నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?”

“నేనేం అబద్ధం రాయలేదు కదక్కా.”

“అబద్ధం ఆడకపోవడం వేరు, నిజం చెప్పడం వేరు.” అయినా అక్క ఫొటో మూలలు చీర కొంగుతో తుడిచి, తానే కవర్లో పెట్టి ఇచ్చింది.

ఫొటో చూడగానే ప్రచురణకర్త ముఖం వెలిగిపోయింది. “ఇదమ్మా అట్టంటే! ఆ నవ్వు చూడండి. కూతుర్ని ఎత్తుకుంటే ఏ తండ్రికైనా అంతే.”

ముఖచిత్రం అమ్మాయి తెర మీద ఫొటోను పెద్దది చేసింది. “మేడమ్, ఈ పక్కనున్న పాపను తీసేయనా? సగమే ఉంది కదా, చూపు అటు లాగేస్తోంది.”

“తీయొద్దు.”

“మీ అక్కగారా?” అన్నాడు ప్రచురణకర్త. “పాపం, ఆవిడ చూస్తే నొచ్చుకుంటారేమో. పూర్తిగా తీసేస్తేనే మర్యాదగా ఉంటుందమ్మా.”

కవయిత్రి తెర మీది ఆ సగం ముఖాన్ని వేలితో చూపించింది. “ఆ పిల్ల లేకపోతే ఈ పుస్తకమే లేదు సార్. ఉంచండి,” అంది.

అక్కా చెల్లెళ్ళ అనుబంధం అనుకుని ఆయన తలూపాడు.

మర్నాడు అట్ట నమూనా చేతికొచ్చింది. కాగితం మీద నాన్న ఇంకా బాగా నవ్వుతున్నాడు. లోపలి మడత మీద ప్రచురణకర్త సొంతంగా ఒక వాక్యం చేర్పించాడు: “ముఖచిత్రం: తండ్రి భుజాల మీద కవయిత్రి.”

“సంతకం పెట్టేస్తే ఇక అచ్చుకే,” అన్నాడు ఆయన, కలం మూత తీసి ఇస్తూ.

ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. పుస్తకంలో ఆమె రాయని వాక్యం అదొక్కటే. సంతకం పెట్టాల్సిన చోట కలం ఆనించి, మళ్ళీ తీసింది. వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, దాని కింద పొందికైన అక్షరాలతో రాసింది:

“భుజాల మీద అక్క, అంచున నేను.”