తల్లి వైపు నలుసు

“మా పాపకు ఏం పాఠం చెప్పినారు మేడం మీరు?”

గుమ్మంలో నిలబడే అడిగింది ఆవిడ. కొండాపురం నుంచి వచ్చే బస్సు దిగి, ఎండలో నేరుగా నడిచి వచ్చినట్టుంది. మొహమంతా చెమట. ఉదయగిరి జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే సుకుమారి, స్టాఫ్‌రూములో దిద్దుతున్న పేపర్లు పక్కకు జరిపి లేచింది.

“మీరు...?”

“రామసుబ్బమ్మ. లిఖిత వాళ్ళ...” అని ఆగిపోయింది. “వాళ్ళ ఏందో మీరే చెప్పాల.”

సుకుమారి కుర్చీ చూపింది. ఆవిడ కూర్చోలేదు.

“పాప పుట్టిన రోజే దాని తల్లి, నా చెల్లెలు, కాన్పులో పోయినాది. పొత్తిళ్ళతో తెచ్చి నా ఒళ్ళో పెట్టినారు. ఆ సంగతి దాని దగ్గర నేనేం దాచలేదు. తెలిసి గూడా ఇన్నేళ్ళూ నన్ను అమ్మా అనే పిలిచినాది. మొన్న సోమవారం మీ పాఠం విని ఇంటికొచ్చి, పెద్దమ్మా అనింది. నాలుగు రోజులాయ. అన్నం పెట్టు పెద్దమ్మా, పోయొస్తా పెద్దమ్మా. ఏంది తల్లీ అంటే మైటో... మైటో అని ఏందో చెప్పినాది. అదేమన్నా జబ్బా మేడం?”

సుకుమారికి విషయం అర్థమైంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుందనీ, తండ్రిది రాదనీ సోమవారం క్లాసులో హుషారుగా చెప్పింది తను. ‘మీ ఒంట్లో మీ అమ్మ వెలిగించిన పొయ్యే మండుతోంది, ఇంటికెళ్ళి దండం పెట్టుకోండి’ అంది. ఏటా చెప్పే మాటే. పిల్లలంతా నవ్వారు. కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

“జబ్బు కాదమ్మా. మన ఒళ్ళంతా కణాలే కదా, ఆ కణం లోపల ఉండే ఇంకా సన్నవి. తిన్న తిండిని సత్తువగా మార్చేది అవే. అది గ్రీకు మాట. మైటోస్ అంటే దారం, కాండ్రియాన్ అంటే నలుసు.”

“నలుసా? కడుపులో నలుసు పడిందంటామే, ఆ నలుసా?”

పన్నెండేళ్ళుగా పాఠం చెబుతున్నా సుకుమారికి ఆ సంగతి తట్టలేదు.

“అట్లాంటిదే అనుకోండి. అమ్మ నుంచి బిడ్డకు దారంలా వస్తుంది.”

రామసుబ్బమ్మ అప్పుడు కూర్చుంది.

“అయితే పాప చెప్పింది నిజమే. నాది ఒక్క నలుసు గూడా దాంట్లో లేదు.”

సుకుమారి అటెండర్ పాల్‌ను పంపి లిఖితను పిలిపించింది. లోపలికి వస్తూనే ఆ పిల్ల తడబడింది.

“ఇంత ఎండలో ఎందుకొచ్చినావు పెద్దమ్మా?”

ఆ పిలుపుకు రామసుబ్బమ్మ తల దించుకుంది. సుకుమారి లిఖిత భుజం మీద చెయ్యి వేసి, “ఈమె మీద కోపమా?” అని అడిగింది.

“కోపం లేదు మేడం.” “నన్ను కన్నామెను నేను ఒక్కరోజు గూడా తలుచుకోలేదు. ఆమేమో నా లోపల ఉండి, రేయింబగళ్ళు నాకోసం పని చేస్తానే ఉండాది. నేను ఇంకొకర్ని అమ్మా అని పిలుస్తా ఉంటే ఆమెకెట్లుంటాది?”

“అదా తల్లీ నీ బాధ!” రామసుబ్బమ్మ గబుక్కున లేచింది. “తలుచుకో. నేనేమన్నా వద్దంటానా? నన్ను పెద్దమ్మా అనే పిలువు. నా చెల్లెలి ఆత్మ చల్లగుంటే నాకు చాలు.”

అంటూనే పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుకుమారి ఉన్నట్టుండి ఒక తెల్లకాగితం లాగి పిల్ల ముందు పెట్టింది.

“లిఖితా, మీ అమ్మకు మైటోకాండ్రియా ఎవరి నుంచి వచ్చింది?”

“అవ్వ నుంచి.”

“మరి మీ అవ్వకు ఇద్దరు కూతుళ్ళు కదా. గీతలు గియ్యి.”

లిఖిత పైన ఒక చుక్క పెట్టి, రెండు గీతలు కిందికి గీసింది. చిన్న కూతురి కింద తనకోసం ఇంకో చుక్క పెట్టింది. పెన్ను అక్కడే ఆగింది. కళ్ళు మాత్రం పైకీ కిందికీ రెండుసార్లు తిరిగాయి.

“మేడం... ఒకటే!”

“ఒకటే. నీలో ఉన్నదే ఈమెలోనూ ఉంది. ఈమెను అమ్మా అంటే ఆమెనూ పిలిచినట్టే.”

రామసుబ్బమ్మ ఏదో అనబోయింది. అంతలోనే పిల్ల వచ్చి మెడకు చుట్టేసుకుంది.

“అమ్మా!”

ఆ ఒక్క మాటతో ఆవిడ నోరు మూతపడింది. పిల్ల జడను నిమురుతూ అట్లాగే నిలబడిపోయింది.

“పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అమ్మా?”

“తినలేదు.”

“నా క్యారియర్‌లో పెరుగన్నం ఉండాది. రా, ఇద్దరం తిందాం.”

పిల్ల ఆవిడ చెయ్యి పట్టి లాక్కుపోయింది. సుకుమారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ పేపర్లు ముందుకు లాక్కుంది. పన్నెండేళ్ళలో ఇంత బాగా ఏ పాఠమూ చెప్పలేదనిపించింది.

కాసేపటికి గుమ్మంలో అలికిడయింది. రామసుబ్బమ్మ ఒక్కతే వచ్చింది. వెనక్కి తిరిగి, కుళాయి దగ్గర గిన్నె కడుగుతున్న లిఖితను ఒకసారి చూసి, బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“ఆ కాగితంలో గీతను ఎప్పటికీ అట్లే ఉండనీండి మేడం. పాపకు మాత్రం చెప్పబాకండి. పాప అవ్వా అని పిలిచే ఆమె నన్ను పెంచినాది. కన్నది నా చెల్లెల్ని ఒక్కదాన్నే.”