రంగుల అట్ట

పెళ్లయిన వారానికే అతను ఆమె బీరువా ఖాళీ చేయించాడు.

బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసి, ఎదురుగా నిలబడ్డాడు. ఒక చేతిలో కత్తెర, మరో చేతిలో రంగుల అట్ట. అతను పనిచేసేది రంగుల కొట్టులో. గోడలకు వేసే రంగులన్నీ చిన్న చిన్న గళ్లుగా అచ్చేసిన అట్ట అది. అన్నం తినేటప్పుడు కూడా పక్కనే ఉండాలి. వీధిలో వాళ్లు చాటున అతన్ని ‘అట్టబాబు’ అనేవారు.

“ఇన్ని బట్టలెందుకు? దేనికీ దేనితోనూ పొత్తు లేదు. మూడు రంగులు చాలు. మట్టి రంగు, ఎండుటాకు రంగు, బూడిద రంగు. ఏ చొక్కా తీసినా ఏ స్కర్టుకైనా కలవాలి. నెలకొకటి కొనుక్కుందాం, తొందరేం లేదు.”

“మరీ అంత వెలిసిపోయినట్టు ఉంటే...”

“రంగుల గురించి నాకు చెబుతున్నావా?”

ఆమె బట్టల కుప్ప మీంచి చేయి తీసేసింది.

పసుపు గౌను పోయింది. నీలం పూల చొక్కా పోయింది. ఆమె చూస్తుండగానే అవి బ్రష్షులు తుడిచే పీలికలయ్యాయి. చివరికి వాళ్లమ్మ అల్లిన స్వెటర్ మిగిలింది. అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె వెనకే వెళ్లింది.

అట్ట ఆనించి చూశాడు.

“ఇది కలుస్తుంది. ఉంచుకో.”

ఆమె స్వెటర్ వంక చూసింది. అతని వంక చూసింది. మనసు మార్చుకుంటాడేమోనని గబగబా మడతపెట్టి బీరువాలో దాచేసింది. అంత పెద్ద బీరువాలో అదొక్కటే.

ఆ ఇంట్లో గోడలు మట్టి రంగు. కిటికీ తెరలు బూడిద రంగు. “ఇంట్లో మనిషి ఇంటికి కలవాలి” అనేవాడు. ఆమె ఒంటరిగా గడప దాటేది రెండే పనులకు. నెలకోసారి బట్టల కొట్టుకి, తెచ్చిన గుడ్డ అతను చూశాక పక్కవీధి దర్జీ దగ్గరికి. మిగతా ఎక్కడికైనా అతను వెంట ఉండాల్సిందే. పండ్ల బండి దగ్గర కూడా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

“పండినవి చూసి ఏరు. అది ఆడవాళ్ల పని.”

మొదటి నెల ఆమె అట్ట పట్టుకెళ్లి ఒక చొక్కా కొనుక్కొచ్చింది. పొట్లం విప్పి అతని ముందు పెట్టింది. అతను చొక్కాని కిటికీ దగ్గర పరిచి, మట్టి రంగు గడిని దాని మీద ఆనించాడు. కత్తెర కిటికీ గట్టు మీదే ఉంది.

“అచ్చు గుద్దినట్టుంది” అన్నాడు.

ఆ రాత్రంతా ఆమెకు నిద్ర పట్టలేదు.

తర్వాతి నెల స్కర్టు గుడ్డ తెచ్చింది. దర్జీ దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

“అమ్మాయ్, మీ ఆయన దీన్ని చూశాడా?”

“చూశారత్తా. అట్ట ఆనించి మరీ చూశారు.”

“ఏమన్నాడు?”

“ఎండుటాకు రంగుకి సరిగ్గా కలిసిందన్నారు.”

దర్జీ కళ్లద్దాల పైనుంచి ఆమెను ఎగాదిగా చూసింది. “అంతటి అట్టబాబే ఒప్పుకున్నాక కాదనడానికి నేనెవర్ని? రా, కొలతలివ్వు.”

అన్నీ నెగ్గలేదు. ఒకసారి బూడిద రంగుకని తెచ్చిన మెడగుడ్డ అట్టకు కలవలేదు. అతను రెండో మాట మాట్లాడలేదు. కత్తెర మాట్లాడింది. ఆ తర్వాత ఆమె మరీ జాగ్రత్త పడింది. ఏ గుడ్డనైనా కొట్టు బయట ఎండలోకి తెచ్చి, అతని కళ్లతో చూడడానికి ప్రయత్నించేది.

అలా ఏడాది తిరిగేసరికి బీరువా నిండింది. ఏది తీసినా దేనికైనా కలిసేది.

అప్పుడొచ్చింది ఆడపడుచు, చెప్పాపెట్టకుండా. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. గుమ్మంలో వదిన బట్టలు చూడగానే చేతిలో పెట్టె జారిపోయింది.

“వదినా! ఇదేం వేషం?”

ఈ పిల్ల ఒక్క మాట జారితే చాలు, బీరువా మళ్లీ మంచం మీదికి వస్తుంది. ఈసారి అమ్మ స్వెటర్ కూడా మిగలదు.

లోపలి నుంచి అతను వచ్చాడు. “వేషమేంటే? ఎంపిక నాది. ఒక్కో రంగూ ఏరి ఏరి పెట్టించాను. ఏం, బాగాలేదా?”

ఆడపడుచు అన్నని చూసింది. వదినని చూసింది. వదిన పెదవులు పాలిపోయి ఉన్నాయి. కళ్లు మాత్రం బతిమాలుతున్నాయి.

“బాగాలేకేం అన్నయ్యా” అంది నెమ్మదిగా. “ఇంత బాగా ఏరడం నీకే చెల్లింది.”

అతను మీసం దువ్వుకుంటూ పనికి వెళ్లిపోయాడు.

తలుపు పడగానే ఆడపడుచు వదిన చేయి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది. బీరువా రెండు తలుపులూ బార్లా తీసింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“నీకు కొన్ని రంగుల తేడా కనబడదురా అని చిన్నప్పుడు నాన్న ఎంత చెప్పినా నమ్మేవాడు కాదు. అన్నయ్యకి ఇంకా తెలీదా వదినా?”

“తెలీదు. కొట్లో నంబరు నొక్కితే చాలు, రంగులు కలిపేది యంత్రమేగా.”

బీరువాలో, అమ్మ అల్లిన ఎర్రటి స్వెటర్ పక్కన, అతను మట్టి రంగన్న చొక్కాలు పండుమిరప ఎరుపుతో, ఎండుటాకన్న స్కర్టులు నారింజ రంగుతో, బూడిదన్న మెడగుడ్డలు గులాబీ రంగుతో భగ్గుమంటున్నాయి.