అందరికీ షాక్ కొట్టిన రోజు

"చేతి తొడుగులు తీసేయండర్రా! ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడండి!" అన్నాడు సైన్సు చెప్పే ఇసాబెక్ అగాయ్. అక్కడ మాస్టార్ని అగాయ్ అంటారు.

వెనక బల్ల మీది ఎల్దియార్ ఎడమచెయ్యి కోటు జేబులోకి దూర్చేశాడు.

కొండల్లోని నారిన్ ఊరి చలికి బళ్ళో అందరూ కోట్లతోనే కూర్చుంటారు. బల్ల మీద గాజు పళ్ళేల యంత్రం, పక్కన ఆ కరెంటు నింపి దాచే, రేకు చుట్టిన గాజు జాడీ. అగాయ్ పిడి తిప్పుతుంటే చిటచిటమని నిప్పురవ్వలు ఎగురుతున్నాయి.

"ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్ ఒకటి క్లోరిన్‌కి ధారపోస్తుంది. ఇచ్చింది ప్లస్సు, పుచ్చుకుంది మైనస్సు. అవే అయాన్లు. మీ ఒంట్లో పారేదంతా ఉప్పునీళ్ళే కదా, అందులో తిరిగే అయాన్లే కరెంటుని మోసుకుపోతాయి. ఈ చివరివాడు జాడీ పట్టుకోవాలి, ఆ చివరివాడు దాని ఇత్తడి గుండు ముట్టుకోవాలి. అందరికీ ఒక్కసారే కొడుతుంది!"

ఎల్దియార్ ఈ బళ్ళో చేరి వారం కూడా కాలేదు. పాత బళ్ళో పిల్లలు వెక్కిరించి వెక్కిరించి ప్రాణం తీస్తే, తల్లి తెచ్చి ఇక్కడ పడేసింది. ఇక్కడా నవ్వులపాలైతే ఇంకెక్కడికి పోవాలి?

"అగాయ్, నాకు కడుపులో నొప్పి."

"కరెంటు తగిలితే అదే పోతుంది. నిలబడు!"

అందరూ గొల్లుమన్నారు. పక్కనున్న కుబాన్ ఎల్దియార్ కుడిచెయ్యి పట్టుకుని వరసలోకి లాగాడు. "ఒరేయ్, కొత్తోడు గజగజలాడిపోతున్నాడ్రా!"

ఎడమచెయ్యి మాత్రం కోటు జేబులోనే ఉండిపోయింది.

అటుపక్కన బూరుల్ నిలబడింది. క్లాసు మొత్తానికి నోరు ఎక్కువ ఆ పిల్లకే.

"ఏంట్రా పిరికిపందా, నా చెయ్యి పట్టుకోడానికి సిగ్గా, షాకంటే భయమా? తియ్యి బయటికి!"

వాడు కదల్లేదు. బూరుల్ ఊరుకునే రకమా? తనే జేబులోకి చెయ్యి దూర్చి గట్టిగా పట్టుకుంది.

పట్టుకుంది గానీ బయటికి లాగలేదు. వాడి మొహంలోకి ఒకసారి చూసింది.

'అయిపోయింది' అనుకున్నాడు ఎల్దియార్. భయంతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అగాయ్ సైగ చేశాడు. చివరివాడు గుండు ముట్టుకున్నాడు.

ఒక్క క్షణం ఎవరూ కిక్కురుమనలేదు.

"అమ్మోయ్! చచ్చాన్రా దేవుడోయ్!" అని బూరుల్ ఎగిరి గంతేసింది.

ఆ వెంటనే కుబాన్ కెవ్వుమన్నాడు. "నాకు భుజం దాకా కొట్టింది!" "నాకైతే పళ్ళు జివ్వుమన్నాయి!" గదంతా కేకలే. అగాయ్ తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

"నీకెక్కడి దాకా కొట్టిందిరా?" అంటూ కుబాన్ చాలాకాలం స్నేహితుడిలా ఎల్దియార్ వీపు చరిచాడు.

"మోచేతి దాకా" అన్నాడు ఎల్దియార్, కళ్ళు తుడుచుకుంటూ.

బూరుల్ ఇంకా వదలకుండా పట్టుకునే ఉన్న ఆ ఎడమచెయ్యి ప్లాస్టిక్‌ది. దాన్ని దాటి కరెంటు అసలు పోనే పోదు; వరస ఒక్కచోట తెగితే ఎవరికీ కొట్టదు.